మైనం కోసం తిరుత్తణి దాకా

తిరుత్తణి వెళ్లొచ్చానని తెలియగానే అందరూ ఒకటే అడుగుతున్నారు, కొండెక్కావా, దర్శనం బాగా అయిందా అని. కొండెక్కలేదండీ. కింద రోడ్డు మీద ఇరుక్కుపోయి అక్కణ్నుంచే ఒక దణ్ణం పడేశాను. నేను వెళ్లింది మైనం కోసం. ఈ మాట చెప్పగానే అందరూ ముఖం అదోలా పెడుతున్నారు కాబట్టి, మొత్తం రాసేస్తే ఒక పని అయిపోతుందని కూర్చున్నాను.

నేను తెనాలిలో పిల్లలకు వీణ నేర్పుతాను. వీణ దండి మీద కంచు మెట్లుంటాయి కదా, వాటిని మేకులు కొట్టి బిగించరు. మసి కలిపిన తేనె మైనాన్ని రెండు గట్లుగా పోసి, అందులో ఒక్కొక్క మెట్టునూ శ్రుతి చూసుకుంటూ కూర్చోబెడతారు. దాన్నే మేళం కట్టడం అంటారు. మైనం మంచిదైతే మెట్లు ఏళ్ల తరబడి కదలవు. నా వీణకు పోయినసారి మేళం కట్టిన పనివాడు అందులో కొవ్వొత్తుల మైనం కలిపాడు. ఈ ఎండలకు అది మెత్తబడి మెట్లు ఒకటొకటే కుంగాయి. రిషభం మీటితే పక్కింటి పిల్లి అరిచినట్టుండేది. పాఠాలు ఆగిపోయాయి. మా ఊళ్లో మేళం కట్టే సాంబయ్యగారు ఆ గట్టును గోటితో గీరి, వాసన చూసి, "అసలు సిసలు తేనె మైనం తెచ్చుకోండమ్మా, కడతాను. బజారు సరుకైతే నా దగ్గరికి రావొద్దు" అన్నారు.

నాకు ఆగడం చేతకాదు. పొయ్యి మీద ఇడ్లీ పెట్టి రెండుసార్లు మూత తీసి చూసే రకం నేను. ఊళ్లో ఎక్కడా మంచి మైనం దొరక్కపోయేసరికి తిరువళ్లూరులో ఉన్న మా మేనత్త కొడుకు శేఖర్ బావకు ఫోన్ చేశాను. రమ్మన్నాడు. ఆ సాయంత్రమే బండెక్కాను.

తిరువళ్లూరు

చెన్నైలో దిగి లోకల్ పట్టుకుంటే పట్టాభిరామ్, తిరునిన్రవూరు దాటాక గానీ పెట్టెలో గాలి ఆడలేదు. నిలబడి వస్తూనే ఇద్దరు ఆడవాళ్ల తగువు విన్నాను. తిట్లన్నీ అరవంలో సాగి, ఏడుపు దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగింది. ఆ పక్క మన భాష అలాగే బతుకుతోంది. బోర్డులు చదవమంటే పిల్లలు అరవమే చదువుతారు గానీ, ఇంట్లో గొడవ మాత్రం తెలుగులోనే.

శేఖర్ బావ ఆవడిలో ఒక ఫ్యాక్టరీలో చేస్తాడు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉండి, మాట పూర్తిగా ఆ ఊరిదైపోయింది. స్టేషన్‌లో నన్ను చూడగానే మొదలెట్టాడు.

"ఏం మరదలా, మైనానికి ఇంత దూరం వచ్చినావా? మీ పక్క తేనెటీగలన్నీ స్ట్రైక్‌లో ఉండాయా?"

"నవ్వు బావా, నవ్వు. ముందు కొట్టు ఎక్కడో చూపించు."

"కొట్టు యాడికీ పోదులే. ముందు టిఫన్ చేద్దాం రా."

ఇడ్లీతో వడకర్రి పెట్టించాడు. మినప్పప్పు కాదు, శనగపప్పు వడల్ని చిదిపి మసాలాలో ఉడికించిన కూర అది. మనకైతే ఇడ్లీకి చట్నీ తప్ప మరోటి తోచదు. రుచి బాగానే ఉంది గానీ నా మనసు కొట్టు మీదే ఉంది, నాలుగు ఇడ్లీలూ నిలబడ్డట్టే తిన్నాను. కాఫీకి ఇరవై రూపాయలు, లోటా మాత్రం బొటనవేలంత.

కొవ్వొత్తులు, కర్పూరం అమ్మే కొట్టు బజారు వీధి చివర ఉంది. మైనాన్ని వాళ్లు మెళుగు అంటారు. కొట్టాయన పసుపు రంగు దిమ్మ ఒకటి తీసి బల్ల మీద పెట్టి, "ప్యూర్ మా, ప్యూర్!" అన్నాడు. ఒక ముక్క అరచేతిలో వేసుకుని నలిపాను. తేనె మైనమైతే చేతి వేడికి సాగాలి, చపాతీ పిండిలా చెప్పినట్టు వినాలి. ఇది పొడి పొడిగా రాలింది. వాసన చూస్తే కిరసనాయిలు గుర్తొచ్చింది. ఆయన ఇంకా ప్యూర్ అంటూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండి దిమ్మను ఆయన వైపే తోసేసి బయటికొచ్చాను.

"కోపం ఎందుకమ్మా" అన్నాడు బావ. "తిరుత్తణిలో మునెమ్మ వదిన ఉండాది, మా ఇంటామెకు పెద్దక్క వరస. పెట్టెల్లో ఈగల్ని సాకుతాది. పాత అడలు దాచిపెట్టుకోనుంటాది. ఉండు, ఫోన్ కొడతా."

అడలంటే ఈగలు కట్టిన మైనపు పట్లు. ఫోన్‌లో అవతలి గొంతు నాకే వినపడేంత గట్టిగా పలికింది. "రమ్మను సామీ, ఇస్తా! కానీ ఈ పొద్దే రావల్ల. రేపటికి తోట ఉండదు."

తోట ఉండకపోవడమేమిటో అడిగేలోపే ఫోన్ పెట్టేసింది.

అరక్కోణం రోడ్డులో

బావకు డ్యూటీ ఉండటంతో నేనొక్కదాన్నే ఎక్కిన తిరుత్తణి లోకల్ నిండా పసుపు బట్టలే. ఆడి మాసం కదా, కొండ మీది స్వామికి మొక్కు కావళ్లు మోసేవాళ్లు ఊళ్లకు ఊళ్లు కదిలి వస్తున్నారు. మనకు ఆషాఢమంటే కొత్త కోడల్ని పుట్టింటికి పంపే నెల. వాళ్లకు ఇది వీధి వీధినా అంబలి పోసే నెల. నా పక్కన కూర్చున్న ముసలావిడ తన స్టీలు గిన్నెలోంచి చల్లమిరపకాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. ఎవరు నువ్వు, ఏ ఊరు అని అడగనేలేదు. అరక్కోణంలో బండి చాలాసేపు ఆగింది. నేను మూడుసార్లు తలుపు దాకా వెళ్లి వచ్చాను. ఆవిడ నవ్వి, నేను దిగి తోస్తే బండి కదులుతుందేమో అంది.

మునెమ్మక్క ఊరికి దక్షిణాన, అరక్కోణం రోడ్డు పక్కన మామిడితోటలో ఉంది. తోట అనడానికి సగమే మిగిలింది. మిగతా సగంలో చెట్లు పడిపోయి, తెల్ల రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టేశారు. ప్లాట్లు వేస్తున్నారు. మర్నాడు పొద్దున మిగిలిన చెట్లకూ యంత్రం వస్తుందని గడువు చెప్పారట. తోట ఆమెది కాదు, ఓనరు ఇన్నాళ్లూ పెట్టెలు పెట్టుకోనిచ్చాడంతే.

అక్కకు యాభై దాటి ఉంటాయి. సన్నగా, చురుగ్గా, మాట్లాడుతూనే నాలుగు పనులు చేస్తుంది. ఒకప్పుడు చెట్టుకొక పెట్టె ఉండేదట. రోగం వచ్చి కొన్ని పోయాయి, కొన్ని లేచిపోయాయి. ఇప్పుడు ఒక్కటే.

"ఈ ఒక్కటి నిలబడితే దీన్ని పంచి మళ్లా పెట్టెలు చేసుకుంటా" అంది. "ఇదీ పోయిందా, ఇంక నేను ఈగ మొగం చూడను. పెండ్లయి వచ్చినప్పట్నుంచీ వీళ్లతోనే ఉండా. ఇంట్లోవాళ్లకన్నా వీళ్లతోనే జాస్తి మాట్లాడినా."

ఈగల్ని ఆమె పిల్లోళ్లు అంటుంది. మూత ఎత్తి చూపించింది. లోపల చట్రాల నుంచి వేలాడుతున్న పట్లు కాగితంలా తెల్లగా ఉన్నాయి. నేను చూసిన మైనమంతా పసుపో గోధుమరంగో. తెల్లది చూడటం అదే మొదలు.

"కొత్తది కదా, ఈ నెలే కట్టినారు. చక్కెర నీళ్లు పోసి పోసి కట్టించినా. మైనం ఊరికే వస్తాదా? బోలెడు తేనె తాగితే రవ్వంత మైనం. తేనె పొయ్యేది పొట్టలోకి, మైనం వచ్చేది పొట్ట కింద. చెమట పోసినట్టు పొరలు పొరలుగా వస్తాది. దాన్ని కాళ్లతో తీసి నోట్లో నమిలి మెత్తగా చేసి అతికిస్తారు. ముసలీగలకు చేతకాదు, వయసు పిల్లోళ్లకే."

"ఇంత కష్టపడి కట్టింది దేనికక్కా? తేనెకేనా?"

"తేనె, బిడ్డలు, పుప్పొడి, అన్నీ దాంట్లోనే. బిడ్డకు మూత కూడా మైనమే. వీళ్లకు ఇల్లూ అదే, ఉట్టీ అదే, ఉయ్యాలా అదే."

నాకోసం దాచిన పాత పట్లు ఒక నూనె డబ్బాలో ఉన్నాయి. పోయిన ఏడాదివి, గోధుమరంగువి. పురుగు పట్టకుండా వేపాకు వేసి మూత బిగించింది. మూత తీయగానే వచ్చిన వాసనకు నాకు ప్రాణం లేచొచ్చింది. తేనె, ఎండ, కొంచెం పొగ. సాంబయ్యగారు వద్దనలేని సరుకది.

"పెట్టెని మా తమ్ముని జామతోటకు తోలి పెట్టేసినాక, రేపు పొద్దున ఇవన్నీ కాచి ముద్ద చేసి ఇస్తా. మాట" అంది. నేను ఆ డబ్బాను ఆ సాయంత్రమంతా ఎవరి చేతికీ ఇవ్వలేదు.

తూర్పు ముఖం

జామతోట ఊరికి ఉత్తరాన, నగరి రోడ్డులో ఉంది. పొద్దు గూకి ఈగలన్నీ లోపలికి చేరాక, ద్వారానికి జల్లెడ బిగించి బయల్దేరాం. బండి తెచ్చినవాడి పేరు వేలు, అక్కకు తెలిసినవాడే. అలాంటి బుల్లి లారీని అక్కడ కుట్టియానై అంటారు, ఏనుగుపిల్ల అని. ఏనుగు మీద ఈగల ఊరేగింపు అని నేను జోకు వేస్తే ఎవరూ నవ్వలేదు.

వేలు పెట్టెను ద్వారం బండి ముందువైపు ఉండేలా పెట్టాడు. అక్క ఒప్పుకోలేదు.

"యాడికి తిప్పినావురా? తూరుపుకు పెట్టు. నా పిల్లోళ్ల వాకిలి ఎప్పుడూ తూరుపే."

"బండి పోయేది ఇట్ల కదక్కా?"

"బండి ఎట్లన్నా పోనీ. పెట్టె తూరుపే చూడల్ల. ఇల్లు మారేటప్పుడు దిక్కు మారిస్తే కలిసొస్తాదా?"

నాకూ అది సబబుగానే తోచింది. మా ఇంట్లో పాలు పొంగించిన రోజు పొయ్యి ఏ దిక్కున పెట్టాలని అర్ధగంట వాదించుకున్నాం మేము. పెట్టెను పక్కకు తిప్పి తాళ్లతో కట్టారు. అక్క దాని పక్కనే వెనక కూర్చుంది, నేను డబ్బా ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చున్నాను.

ఊళ్లోకి రాగానే కావళ్ల జనం. డప్పులు, హరోహర అని కేకలు, పోలీసుల తాళ్లు. బండి గజం కదలడం, ఆగడం. వేలు బ్రేకు వేసిన ప్రతిసారీ వెనక నుంచి "మెల్లిగా రా!" అని అక్క, పక్కనుంచి "కొంచెం త్వరగా పోనీ అన్నా" అని నేను. పాపం ఆ మనిషి ఇద్దరికీ తల ఊపాడు. కొండ మీద దీపాలు కనపడ్డప్పుడు దణ్ణం పెట్టుకున్నాను, అది కూడా దారి ఇవ్వమనే.

అరటినార

జామతోటలో పెట్టెను దించి, చీమలెక్కకుండా దాని కాళ్లు నీళ్ల చిప్పల్లో పెట్టి నిలబెట్టాం. తూర్పుకే. అక్క చెవి ఆనించి విన్నది. మరుక్షణం ఆమె ముఖం మారిపోయింది. నేనూ విన్నాను. ఇందాక తోటలో విన్న సన్నని జుమ్ము కాదు, బుస కొడుతున్నట్టుంది. ద్వారం కింద నుంచి తేనె చుక్కలుగా కారుతోంది.

"అడలు పడిపొయినాయి" అంది అక్క. "అయ్యో, నా తల్లీ."

టార్చికి ఎర్ర జాకెట్టు గుడ్డ చుట్టి, ఎర్ర వెలుతురు ఈగలకు కనపడదంటూ నా చేతికిచ్చి, మూత తీసింది. తెల్లటి పట్లు అన్నీ ఒకే వైపు ఒరిగి, ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోయాయి. వాటి మధ్య ఈగలు తేనెలో తడిసి పాకుతున్నాయి. అవి ఒరిగిన వైపు చూస్తే మాకిద్దరికీ ఒకేసారి అర్థమైంది. ద్వారం ముందుకుంటే చట్రాలు బండి పోయే దారి వెంబడే నిలువుగా ఉండేవి. తూర్పుకు తిప్పాం కాబట్టి దారికి అడ్డం పడ్డాయి. బ్రేకు వేసినప్పుడల్లా ఊగి ఊగి, ఇంకా గట్టిపడని మైనం చట్రాల దగ్గరే తెగింది.

"నెత్తిన పెట్టుకోని నడిచి పోతా ఉన్నంత కాలం ఏ దిక్కైనా సరిపొయింది" అంది అక్క. "బండి సంగతి నాకేం తెలుసును?"

రాణీగ మూలన బతికే ఉంది. అక్క దాన్ని చూసి, "ఉండాది, ఉండాది" అని రెండుసార్లు అని పని మొదలెట్టింది. పిల్లపురుగులున్న పట్లను ఆకు పట్టినట్టు పట్టి, చట్రానికి ఆనించి తడి అరటినారతో కట్టింది. రెండే దక్కాయి. మిగతావి చితికిపోయాయి, వాటిని పళ్లెంలోకి తీసింది. పెట్టెలో సగానికి పైగా ఖాళీ.

"ఖాళీ ఇంట్లో నిలబడరు" అంది. "పొద్దున ఎండ రాగానే లేచి పోతారు. మళ్లా కట్టాలంటే తాగేదానికి తేనె ఏదీ? అంతా కారిపాయె."

అంది గానీ నా ఒళ్లో డబ్బా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆమె ఎంత కష్టపడుతోందో నాకు తెలుస్తూనే ఉంది. కట్టిన పట్టు లోపల పెడితే ఈగలకు కట్టే పని తప్పుతుంది, ఉన్న కాస్త తేనె మిగులుతుంది. ఆ పట్లన్నీ నా ఒళ్లో ఉన్నాయి. నిజం చెప్తున్నాను, నాకు ఇవ్వాలనిపించలేదు. వీణ, ఆగిపోయిన పాఠాలు, మర్నాటి రైలు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. డబ్బాను ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను కూడా. ఒక ఈగ వచ్చి ఆ మూత మీద వాలి, అంచు వెంబడి తిరిగి తిరిగి దారి వెతుక్కుంటోంది.

"అక్కా, ఇవి పెట్టెయ్."

"వద్దు. నీకు మాట ఇచ్చినా."

"నా వీణ గోడకు ఆనుకుని ఉంది, అది ఎక్కడికీ లేచిపోదు. తీసుకో ముందు."

ఆమె డబ్బా అందుకుంది. డబ్బా మూత తీసి, వేపాకు దులిపి, ఒక్కో పట్టునూ చట్రానికి కట్టి లోపల దించింది. నేను నార చీల్చి ఇస్తూ వచ్చాను. చివర్న అక్క ద్వారానికి బిగించిన జల్లెడ తీసేసింది. రెండు ఈగలు కుట్టాయి, ఒకటి కంటి పక్కనే. అక్క తమ్ముడింటి నుంచి వచ్చిన అన్నం ఎవరమూ సరిగా తినలేదు.

మర్నాడు పొద్దున

నా రైలు వెళ్లిపోయింది. వాచిన కన్నుతో పెట్టె ముందు అటూ ఇటూ తిరుగుతుంటే అక్క కసిరింది.

"వాకిలి ముందర తిరగొద్దు, వాళ్ల దోవకు అడ్డం. పక్కన కూసో. కాలు కాలిన పిల్లి మాదిరి ఏందది?"

కూర్చున్నాను. ఆమె కంబు అంబలి చేసి, పచ్చి ఉల్లిపాయ పెట్టి ఇచ్చింది. కంబు అంటే మన సజ్జలే. నాకు మింగుడు పడలేదు. ఎండ పెట్టె మీదకు పాకింది. ఒకటి, నాలుగు, పది, ఆపైన లెక్క తప్పింది. ఒక్కసారిగా ఈగలు గుంపుగా బయటికొచ్చి గాల్లో ముసురుకున్నాయి.

"పోతున్నాయక్కా!" అని అరిచాను.

అక్క లేవలేదు. గిన్నె పట్టుకుని అలాగే చూస్తోంది, పెదాలు మాత్రం కదులుతున్నాయి. "యా పక్క చూస్తాండారు? చూడు, నీ రెండో కన్ను మంచిది. మొగం యా పక్క?"

చూశాను. గాల్లో తిరుగుతున్న ఈగలన్నీ మొహం పెట్టె వైపే పెట్టి ఊగుతున్నాయి. వెనక్కి జరిగి చూస్తున్నాయి, కొంచెం పక్కకు జరిగి చూస్తున్నాయి.

"పెట్టె వైపే."

"అట్లయితే పొయ్యేదానికి కాదు. ఇల్లు గుర్తు పెట్టుకుంటాండారు."

అయినా ఆమె గిన్నె కింద పెట్టలేదు. ముసురు కొంచెం కొంచెంగా లోపలికి వెళ్లిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు ఒకే ఒక ఈగ, వెనక కాళ్లకు రెండు పసుపు ఉండలు అంటించుకుని వచ్చి, ద్వారం దగ్గర తడబడి, లోపలికి దూరింది. పుప్పొడి. లేచిపోయే ఇంటికి ఎవరూ సరుకులు మోయరు. మునెమ్మక్క గిన్నె పక్కన పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వాచిన కన్ను ఇంకా మండింది.

మధ్యాహ్నం మూత కొంచెం ఎత్తి చూశాం. నార కట్టిన పట్ల మధ్య ఖాళీలో వయసు ఈగలు ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని గొలుసుల్లా వేలాడుతున్నాయి. కదలడం లేదు. అలా వేలాడి, ఒళ్లు వెచ్చబెట్టుకుని మైనం తీస్తారట. వాటిని చూస్తూ నేను ఎంతసేపు కదలకుండా నిలబడ్డానో నాకే తెలియదు. అడుగు చెక్క మీద చిన్న పొర ఒకటి పడి ఉంటే వేలితో తీశాను. చీమ రెక్కంత ఉంది, అద్దంలా ఉంది.

పళ్లెంలోని చితికిన ముక్కల్ని అక్క నీళ్లలో కాచి, గుడ్డలో వడగట్టి చల్లార్చింది. నిమ్మకాయంత ముద్ద తేలింది. "ఇదే నీకు" అని సిగ్గుపడుతూ చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చాక

సాంబయ్యగారు దాన్ని వాసన చూసి, నలిపి, కళ్లు మూసుకున్నారు. "బంగారం లాంటి సరుకు. కానీ ఇంతేనా అమ్మా? మొదటి నాలుగైదు మెట్లకు మించి రాదే."

"అంతవరకే కట్టండి" అన్నాను.

మొన్న మునెమ్మక్క ఫోన్ చేసింది. పెట్టె బరువెక్కిందట, ఖాళీ అంతా కట్టేశారట. మామిడి పూత వచ్చేసరికి పెట్టెను పంచుతుందట. "నీ బాకీ నా పిల్లోళ్లు తీరుస్తారు. ఊరికే ఊరికే ఫోన్ చేసి తరమొద్దు" అంది.

పాఠాలు మళ్లీ మొదలుపెట్టాను. పిల్లలు సరిగమ దాకా వస్తారు, ఆగుతారు, మళ్లీ మొదటికి పోతారు. నిన్న ఒక పిల్ల విసుగుపడి అడిగింది, "మేడమ్, ఎప్పుడూ ఇక్కడే ఎందుకు ఆపేస్తాం?"

"పై మెట్లు ఇంకా కడుతున్నారమ్మా" అన్నాను. "తిరుత్తణిలో."